చాప పురుగుకు ధ్రువపత్రం

ఊసరవెల్లి నోట్లో పురుగు పడాలంటే నాలుగు సంతకాలు కావాలన్న సంగతి దాలయ్యకు నలభై తొమ్మిదేళ్లు వచ్చేదాకా తెలియదు. అప్పటివరకు అతను చూసిన ఊసరవెల్లులన్నీ కంచెల మీద కూర్చుని సంతకాలు లేకుండానే తిన్నాయి, బతికాయి, గుడ్లు పెట్టాయి.

దాలయ్య జిల్లా జంతు సందర్శనోద్యానంలో రోజుకూలీ. ఊళ్లో బడికి ఐదేళ్లు వెళ్లాడు, తర్వాత గేదెల వెంట ఇరవై ఏళ్లు తిరిగాడు. ఉద్యానంలో చేరి పదకొండేళ్లయినా అతని గొంతు ఎలా ఉంటుందో సిబ్బందిలో సగం మందికి తెలియదు. పులికి తెలుసు.

రెండేళ్ల కిందట ఒక ఓడ ఇంజనీరు తాను ముద్దుగా పెంచుకున్న విదేశీ ఊసరవెల్లిని, మళ్లీ ఓడ ఎక్కుతూ, కాగితాలతో సహా తెచ్చి ఉద్యానానికి అప్పగించాడు. తోక కాక జానెడు పొడవు. రికార్డులో దాని పేరు ‘ఊ-1’. దాలయ్య మాత్రం మేస్త్రి అనేవాడు. కాలు వేసే ముందు మూడుసార్లు ముందుకూ వెనక్కూ ఊగి, కొమ్మ పట్టు చూసుకుని గానీ వేయదది. గోడ కట్టేటప్పుడు వేసే కర్రల సారవ మీద నడిచే తాపీమేస్త్రి నడక అచ్చం అంతే.

మేస్త్రికి పట్నం నుంచి డబ్బాల్లో కీచురాళ్లు వచ్చేవి. డబ్బా మీద పేరు అచ్చువేసి ఉండేది కాబట్టి లోపల ఉన్నవేమిటో ఎవరూ చూడలేదు. మార్చి నెలాఖరుకు ఆ కాంట్రాక్టు గడువు తీరింది, డబ్బాలు ఆగిపోయాయి. దాలయ్య ఎవరినీ ఏమీ అడగలేదు. తోట వెనక ఆకులూ కూరగాయ తొక్కలూ వేసే ఎరువుగొయ్యి దగ్గరికి వెళ్లి, గొంతుక్కూర్చుని, పుల్లతో కెలికాడు.

ఆ గోతిలో ఒక రకం పురుగు ఉండేది. మట్టి రంగు, గట్టి చర్మం, ఒళ్లంతా చాప అల్లినట్టు అడ్డగీతలు. ఊళ్లో అతనికి అది తెలియదు. ఇక్కడికి వచ్చాకే చూశాడు. మూడు వర్షాకాలాలు చూశాక దాని సంగతి బోధపడింది. కుట్టదు, కరవదు, చేతికి దురద పెట్టదు. ముదిరితే నల్లబడి తనంతట తానే గట్టెక్కి పొడిమట్టిలో పడుకుంటుంది. ఆ తర్వాత సన్నటి నల్ల ఈగ అవుతుంది. ఆ ఈగ మనిషి అన్నం మీద వాలదు. గోతిలో కోళ్లూ గోరింకలూ దీన్ని ఏరుకుని తింటాయి, మర్నాడు మళ్లీ వస్తాయి. మర్నాడు మళ్లీ రావడం చూశాకే దాలయ్య మేస్త్రికి పెట్టాడు. బొచ్చు పురుగైతే ముట్టడు. జిల్లేడాకు తిని చారలు తేరిన పురుగైతే దాని దరిదాపులకే పోడు. దీనికి ఆ రెండూ లేవు.

మేస్త్రి పది రోజులు చాప పురుగులు తిని ఆకుపచ్చగా నిగనిగలాడాడు. పదకొండో రోజు పర్యవేక్షణాధికారి చక్రపాణి గారు చేతిలో కాగితంతో పంజరం దగ్గరికి వచ్చారు.

"ఏమిటది దాలయ్యా?"

"చాప పురుగండి."

"అది శాస్త్రీయ నామమా?"

"కాదండి. నాను పెట్టుకున్నాను."

చక్రపాణి గారు కళ్లజోడు సవరించుకుని కాగితం చదివారు. "‘ఏ పరిరక్షిత ప్రాణికిని గుర్తింపు నిర్ధారణ కాని కీటకమును గానీ, తత్సంబంధిత లార్వా, ప్యూపా ఆది అపరిపక్వ దశలను గానీ ఆహారరూపేణ సమకూర్చరాదు. ఉల్లంఘించిన సిబ్బందిని తక్షణమే విధుల నుండి తొలగించవలెను.’ ఈ తొలగించవలెను అన్న మాట నీ గురించే."

ఎక్కడో దూరపు ఉద్యానంలో ఎవరో ఏదో పెడితే ఏదో చచ్చిపోయిందట. ఏది పెట్టారో, ఏది చచ్చిందో సర్క్యులర్‌లో లేదు. చావు ఒక్కటే నిర్ధారణ అయింది.

"మరి ఈడేటి తింటాడండి?" అన్నాడు దాలయ్య.

"నిర్ధారణ అయినది తింటాడు."

"అదెక్కడుంటాదండి?"

"నిర్ధారణ అయ్యాక ఉంటుంది."

దాలయ్య గోడ పక్కన గడ్డి వైపు చూశాడు. "మిడతలు పట్టీమంటారా బాబూ? మిడత అందరికీ తెలుసు గదండి."

"అందరికీ తెలిసినట్టు దస్త్రంలో ఉందా?"

లేదు. ఆ సాయంత్రమే మేస్త్రి పంజరం మీద కెమెరా బిగించారు. అంతవరకు ఆ ఉద్యానంలో పులి పంజరానికి కూడా కెమెరా లేదు. పులికి పెట్టే మాంసం ఏ జంతువుదో అందరికీ తెలుసు కాబట్టి అక్కడ ప్రమాదం లేదని చక్రపాణి గారి అభిప్రాయం.

మేస్త్రి పస్తులు అలా మొదలయ్యాయి. కాంపౌండు గోడకు అవతల, తుమ్మకంచె మీద, మామూలు నాటు ఊసరవెల్లి ఒకటి పొద్దున్నే కూర్చుని దొరికినదల్లా తినేది. దాలయ్య గోడ మీదుగా దాన్ని చూసి, వచ్చి మేస్త్రిని చూసేవాడు. అడుగున చిల్లి పొడిచిన డబ్బాలోంచి ఆకుల మీద బొట్టు బొట్టుగా నీళ్లు పడేలా కట్టేవాడు. ఊసరవెల్లి గిన్నెలో నీళ్లు తాగదు, ఆకు మీది బొట్టే తాగుతుంది. నీటికి నిర్ధారణ కావాలని ఇంకా ఎవరికీ తోచలేదు.

చాప పురుగుల్ని పన్నెండింటిని సారాయి సీసాలో వేసి ప్రాంతీయ కీటక ప్రయోగశాలకు పంపారు. అయిదు రోజులకు జవాబొచ్చింది. నమూనాలు మృతస్థితిలో ఉన్నందున వాటి జీవనశైలి పరిశీలించుటకు వీలుపడలేదు, సజీవముగా పంపవలెను. మరో పన్నెండింటిని సజీవంగా పంపారు. మూడు రోజులకు ఆ పురుగులతో పాటు ప్రయోగశాల నిపుణుడు డాక్టర్ ముకుందరావు గారే స్వయంగా జీపు దిగారు.

"చూడండి," అన్నారాయన కాఫీ అందుకుంటూ. "లార్వా దశలో ప్రాణి తన వ్యక్తిత్వాన్ని వెల్లడించదు. ప్రౌఢదశకు వచ్చాకే అది ఏమిటో చెప్పగలం. కాబట్టి వీటిని పెంచాలి."

"పెంచుదాం," అన్నారు చక్రపాణి గారు. "సంస్థాగతంగా పెంచుదాం."

సామాన్ల గది ఖాళీ చేసి ‘కీటక దశల నిర్ధారణ విభాగము’ అని బోర్డు కట్టారు. నలుగురితో కమిటీ వేశారు. సభ్యులు కూర్చోవాలి కాబట్టి ఏసీ పెట్టారు. ఏసీ చలికి పురుగులు ముడుచుకుపోతున్నాయని, మేస్త్రి పంజరంలో వెచ్చదనం కోసం ఉంచిన బల్బు తీసుకెళ్లి పురుగుల మీద వేలాడదీశారు. దాలయ్య పంజరాన్ని ఎండలోకి జరిపాడు.

పురుగులకు తిండి పెట్టాలి. అవి ఇప్పుడు సంస్థ సంరక్షణలో ఉన్నాయి గనుక వాటి ఆహారానికీ నిర్ధారణ ఉండాలి. అవి ఏం తింటాయని దాలయ్యను అడిగారు.

"కుళ్లిందేదైనా తింటాయండి. గోతిలో ఉన్నాది, తెచ్చీనా?"

"గోతిలోది ఎప్పుడు కుళ్లిందో ఎవరికి తెలుసు?" అన్నారు ముకుందరావు గారు.

కూరగాయల కాంట్రాక్టరుకు కుళ్లిన వంకాయలు పంపమని ఉత్తరం రాశారు. తాను ఇరవై ఏళ్లుగా కుళ్లిన వంకాయలే పంపుతున్నానన్న అపవాదు మోస్తున్నానని, దాన్ని కాగితం మీద ఒప్పుకోలేనని అతను జవాబిచ్చాడు. చేసేది లేక తాజా వంకాయలు తెప్పించి, బల్ల మీద వరసగా పేర్చి, కమిటీ సమక్షంలో కుళ్లబెట్టారు. రోజూ పదకొండింటికి ముకుందరావు గారు వంకాయను వేలితో నొక్కి ‘ప్రగతిలో ఉన్నది’ అని పుస్తకంలో రాసేవారు. నాలుగో రోజు ‘సంతృప్తికరముగా కుళ్లినది’ అని రాసి సంతకం పెట్టారు. పురుగులు ఆ పూట కడుపునిండా తిన్నాయి.

మేస్త్రి కళ్లు లోపలికి పోయాయి. తోక చుట్ట వదులైంది. ఆకుపచ్చ పోయి బూడిదరంగు తిరిగింది. కొమ్మ మీద అడుగు వేయడానికి ఊగడం మొదలుపెట్టి, ఊగి ఊగి, వేయకుండానే ఆగిపోయేవాడు. దాలయ్య ఎరువుగొయ్యి దగ్గరికి వెళ్లేవాడు, గుప్పెట్లో పురుగులు పట్టుకునేవాడు, కెమెరా వైపు చూసేవాడు, వదిలేసేవాడు. తీసేస్తే తనకు పోయేది కూలి ఒక్కటే కాదు. మేస్త్రికి బొట్టు నీరు కట్టేవాడు కూడా ఉండడు.

పన్నెండు పురుగుల్లో పదకొండు చలిగదిలో నిద్రలేవలేదు. ఇరవై ఒకటో రోజున పన్నెండోది గూడు చీల్చుకుని సన్నటి నల్ల ఈగగా బయటికొచ్చింది. దాన్ని గాజుసీసాలో పెట్టి, ‘నమూనా సంఖ్య ఒకటి’ అని చీటీ అంటించి, ముకుందరావు గారు భూతద్దంతో రెండు గంటలు చూశారు. చూసి లాటిన్‌లో రెండు ముక్కలు పలికి, ఇది నిరపాయకరమని ధ్రువపత్రం రాశారు. నలుగురూ సంతకాలు పెట్టారు.

దాలయ్య గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "అయితే పురుగులు పెట్టీవచ్చాండి?"

"ఏ పురుగులు?"

"గోతిలోయండి. ఇదీ ఆటిలోదే గదండి."

ముకుందరావు గారు ఓపికగా నవ్వారు. "దాలయ్యా, ఈ పత్రం ఈ ఈగకు. ఈగ కాకముందు ఇది ఏ పురుగో, ఆ పురుగుకు కూడా వర్తిస్తుంది, కాదనను. కానీ ఆ పురుగు ఇప్పుడేది? లేదు. గోతిలోవి వేరు. అవి ఏమవుతాయో అయ్యాక గానీ చెప్పలేం."

"అయిపోయాక పురుగుండదు గదండి."

"ఉండదు. అదే ఈ శాస్త్రంలో ఉన్న కష్టం."

"పోనీ ఆ ఈగనేనా పెట్టీమంటారా?"

ఈసారి చక్రపాణి గారు నవ్వలేదు. "అది ప్రభుత్వ రికార్డు."

మూడు రోజుల తర్వాత విభాగం ప్రారంభోత్సవం. అదనపు సంచాలకులు వస్తున్నారు. లబ్ధిదారు కూడా వేదిక మీద ఉండాలన్నారు. లబ్ధిదారంటే మేస్త్రి. మేస్త్రి పక్కటెముకలు అప్పటికి లెక్కపెట్టడానికి వీలుగా ఉన్నాయి. చక్రపాణి గారు చూసి, పంజరానికి పూలదండలు కాస్త ఒత్తుగా కట్టమన్నారు.

"పంజరం ఎక్కడెట్టమంటారండి?" అని దాలయ్య అడిగాడు.

"సీసా పక్కన. ఫోటోలో రెండూ పడాలి. తలుపు తెరిచి ఉంచు, ఊచలు అడ్డం రాకూడదు. దగ్గరగా పెట్టు."

"ఎంత దగ్గరండి?"

"దగ్గరంటే దగ్గరే. అదీ నేనే కొలవాలా?"

ఊసరవెల్లి నాలుక దాని ఒంటికి ఒకటిన్నర రెట్లు సాగుతుంది. దాలయ్య కంచెల మీద వందసార్లు చూశాడు. బల్ల మీద చెయ్యి చాపి బొటనవేలి నుంచి చిటికెనవేలికి ఒక్క జాన కొలిచి, పంజరం పెట్టి, దండ సర్ది, పక్కకు నిలబడ్డాడు.

ఉపన్యాసాలు గంటన్నర సాగాయి. ఆహారభద్రత అనేది నిర్ధారణతోనే మొదలవుతుందని చక్రపాణి గారన్నారు. ఈ విభాగాన్ని కప్పలకూ తొండలకూ విస్తరించాలని ముకుందరావు గారన్నారు. చివరికి అదనపు సంచాలకులు వంగి సీసాలోకి చూశారు.

"గాజు మీద లైటు పడి సరిగా కనబడటం లేదే," అని తమ చేత్తోనే మూత తీశారు.

ఈగ మెల్లగా సీసా అంచు మీదికి పాకి ఆగింది. అంతవరకు మేస్త్రి ఒక కన్ను సభ మీదా, ఒక కన్ను పందిరి మీదా ఉంది. ఆ రెండు కళ్లూ మెల్లగా ఒకే వైపు తిరిగాయి. ఊసరవెల్లి రెండు కళ్లూ ఒకే వైపు తిరిగితే ఏమవుతుందో ఆ పందిట్లో దాలయ్య ఒక్కడికే తెలుసు. చెప్పమని అతన్ని ఎవరూ అడగలేదు.

టప్పున చప్పుడైంది. సీసా మీద చీటీ మిగిలింది.

మేస్త్రి నెమ్మదిగా నమిలాడు. ఫోటోగ్రాఫరు ఆ ఒక్క ఫోటో మాత్రం బాగా తీశాడు.

మర్నాడు కమిటీ కూర్చుంది. రాష్ట్రం మొత్తంలో నిర్ధారణ అయిన ఒకే ఒక్క ఈగ పోయింది. బాధ్యులెవరో తేలాలి. మూత తీసింది అదనపు సంచాలకులు కాబట్టి మూత ప్రస్తావన మినిట్స్‌లో రాలేదు. దాలయ్యను పిలిచారు. దగ్గరగా పెట్టమన్నారు, పెట్టానన్నాడు. పెట్టమన్న మాట చక్రపాణి గారి కార్యక్రమ పత్రంలో ఆయన సంతకంతోనే ఉంది. కాబట్టి ఆ ప్రస్తావనా రాలేదు. ఇంక ఆ చుట్టుపక్కల మిగిలింది మేస్త్రి.

ఇరవై నాలుగు గంటల్లో సంజాయిషీ ఇవ్వాలని పంజరానికి నోటీసు అంటించారు. జవాబు రాలేదు. ఉత్తర్వు తయారైంది. ‘నమూనా సంఖ్య ఒకటి ప్రభుత్వ రికార్డని తెలిసియుండియు, పూర్వానుమతి లేక, ప్రముఖుల సమక్షమున నాలుకతో అపహరించి భక్షించినందున, ఊ-1ను విచారణ పూర్తియగునంతవరకు ప్రదర్శన విధుల నుండి సస్పెండు చేయడమైనది.’

ఉత్తర్వు ప్రతిని ఆఫీసు సీనియర్ అసిస్టెంటు విశాలాక్షి గారు దాలయ్యకు ఇచ్చి, పంజరానికి కట్టమన్నారు. దాలయ్య దాన్ని అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాడు. చదివి అక్కడే నిలబడ్డాడు. పదకొండేళ్లలో అతను ఆవిడ బల్ల దగ్గర నిలబడటం అది మూడోసారి.

"ఏమిటి దాలయ్యా?"

"మా తోడల్లుడొకడు బస్సు కండక్టరండమ్మా. ఆడ్నోపాలి సస్పెండు సేసినారు. ఇంట్లో కూకున్న ఏడాదిన్నరా సగం జీతం ఇచ్చీవోరు."

"జీవనభృతి అంటారు. ఇచ్చి తీరాలి. ఇవ్వకపోతే విచారణే చెల్లదు."

"మరి మేస్త్రికండి?"

విశాలాక్షి గారు పెన్ను మూత పెట్టారు. ముప్పై ఏళ్ల సర్వీసులో ఆవిడ నిబంధనను మీరలేదు, ఇంకొకరు మీరుతుంటే నిద్రపోనూలేదు. కాసేపు దాలయ్య వైపు చూసి, మళ్లీ పెన్ను మూత తీశారు.

"వాడి జీతం ఎంత?"

"పస్తులు కాక ముందైతే, రోజుకి పది పురుగులండి."

"సగం అంటే అయిదు." ఆవిడ రాసుకున్నారు.

"ఏ పురుగో పేరు రాయాలాండి?"

"ఇది ఆహారం పద్దు కాదు, జీవనభృతి. ఆ సర్క్యులర్ దీనికి వర్తించదు. సస్పెన్షన్‌లో ఉన్నవాడు ఆ భృతితో ఏం కొనుక్కు తిన్నాడని ఏ ప్రభుత్వమూ అడగదు. మీ తోడల్లుణ్ణి అడిగారా?"

"అడగలేదండి. ఆడు తాగీసీవోడు."

"మరి?"

చక్రపాణి గారు నోటు చదివి వెంటనే సంతకం పెట్టారు. జీవనభృతి అందక విచారణ చెల్లకుండా పోతే ఈగ నష్టం తన నెత్తిన పడుతుందని ఆయనకు తెలుసు. ఒక్కటే షరతు. సస్పెన్షన్ కాలంలో వేరెక్కడా ఉద్యోగం చేయడం లేదని ప్రతి నెలా రాసివ్వాలి. దాలయ్య ప్రతి నెలా ఒకటో తారీకున గుండ్రటి అక్షరాలతో రాసిచ్చాడు. ‘మేస్త్రి ఎక్కడా పని చేయడం లేదు. చూస్తూ ఉన్నాను.’

సస్పెండైన వాడికి ప్రదర్శన లేదు కాబట్టి కెమెరా కూడా తీసి నిర్ధారణ విభాగంలో పెట్టారు. అక్కడ కొత్త వంకాయలు కుళ్లుతున్నాయి.

అయిదు చాప పురుగులు పది కావు. కానీ సున్నా కన్నా చాలా ఎక్కువ. పది రోజుల్లో మేస్త్రి తోక చుట్ట బిగిసింది. నెలకు ఆకుపచ్చ తిరిగొచ్చింది. ఊగినప్పుడల్లా అడుగు వేయసాగాడు. ఆరు నెలలు దాటాక, నిబంధన ప్రకారం భృతి సగం నుంచి ముప్పాతికకు పెంచాలని విశాలాక్షి గారే గుర్తుపెట్టుకుని రాశారు. పదిలో ముప్పాతిక ఏడున్నర. ఆ అర పురుగును తల వైపు నుంచి ఇవ్వాలా, తోక వైపు నుంచి ఇవ్వాలా అన్న స్పష్టత కోసం ఫైలు పైకి వెళ్లింది. అది వచ్చేదాకా దాలయ్య ఎనిమిది పెట్టాడు.

పైకి వెళ్లిన ఆ ఫైలు వల్లే ముప్పు వచ్చింది. విచారణ ఇంకా ఎందుకు పూర్తి కాలేదని పైవాళ్లు అడిగారు. ముకుందరావు గారిని విచారణాధికారిగా వేశారు. తేదీ పెట్టారు.

దాలయ్య విశాలాక్షి గారి దగ్గరికి నాలుగోసారి వెళ్లాడు. "తప్పు సేసినాడని తేలితే ఏటవుతాదమ్మా?"

"తొలగిస్తారు. తొలగించిన జంతువును ఎక్కడికి పంపాలో ఎక్కడా రాసి లేదు."

"సెయ్యలేదని తేలితేనండి?"

"తిరిగి విధుల్లోకి తీసుకుంటారు. భృతి ఆగుతుంది. ఆహారం పద్దు కింద నిర్ధారణ అయినది మాత్రమే..." ఆవిడ అక్కడితో ఆగారు.

విచారణ రోజున ఏసీ గదిలో బల్ల వేశారు. మధ్యలో పంజరం. ఇవతల ముకుందరావు గారు, అవతల చక్రపాణి గారు, మూల కూర్చుని రాసుకోవడానికి విశాలాక్షి గారు. సాక్షి ఒక్కడే. సాక్షి చేతిలో, మధ్యాహ్నం మేతకని తెచ్చిన రేకుడబ్బా ఉంది.

"దాలయ్యా, ప్రారంభోత్సవం నాడు నమూనాను ఊ-1 భక్షించడం నీవు కళ్లారా చూశావా?"

"ఊసరవెల్లి తినడం సూశానండి."

"ఆ ఊసరవెల్లి ఈ పంజరంలో ఉన్నదేనని ధ్రువీకరిస్తున్నావా?"

దాలయ్య పంజరంలోకి చూశాడు. ఎంతసేపు చూశాడంటే విశాలాక్షి గారు రాయడం ఆపి తలెత్తారు.

"ఆ రోజు తిన్నోడు బూడిదరంగులో ఉన్నాడండి," అన్నాడు నెమ్మదిగా. "ఈడు పచ్చగా ఉన్నాడు. ఆడు బక్కోడు. ఈడు బలిసినోడు. ఈడే ఆడని నాను ఎలగ సెప్పగలనండి? అయిదో తరగతోణ్ణి. నిర్ధారణ సేయించాలి గదండి."

ముకుందరావు గారు ఫోటో తెప్పించుకుని చూశారు. అందులో ఉన్నది బూడిదరంగుదే. పంజరంలోకి చూశారు. పచ్చగానే ఉంది. ఆయన ముఖం క్రమంగా గంభీరమైంది. ఆయన కెరీర్‌లో ఇంతటి శాస్త్రీయమైన అభ్యంతరం ఇంతవరకు ఎవరూ లేవదీయలేదు.

"నిజమే," అన్నారాయన. "గుర్తింపు నిర్ధారణ కాని ప్రాణిని విచారించరాదు."

"ఎంత కాలం పట్టవచ్చునంటారు?" అని చక్రపాణి గారు అడిగారు.

"అన్ని రంగుల్లోనూ పరిశీలించాలి. ఒక్కో రంగుకు ఒక్కో ఋతువు అనుకోండి. ఆపైన తులనాత్మక అధ్యయనం. తొందరపడితే శాస్త్రం ఒప్పుకోదు."

"అంతవరకు?"

"అంతవరకు యథాస్థితి. సస్పెన్షను, జీవనభృతి, అన్నీ," అని విశాలాక్షి గారు ఎవరూ అడగకముందే చెప్పి, రాసేశారు.

విచారణ వాయిదా పడింది. అందరూ లేచి, కుళ్లుతున్న వంకాయల్ని ఒకసారి చూసి, కాఫీకి వెళ్లారు. దాలయ్య తలుపు దగ్గరగా వేసి వచ్చి రేకుడబ్బా మూత తీశాడు. మేస్త్రి ఒక కన్ను విచారణాధికారి వెళ్లిన వైపే ఉంది, రెండోది ఎటో తిరుగుతోంది. కాసేపటికి ఆ రెండు కళ్లూ మెల్లగా డబ్బా వైపు తిరిగాయి.